మోకాలి కిందికి దించిన చెయ్యి

నేను ఒక పొడుగు కాడ గరిటెను. పెళ్ళి వంటల్లో పులుసు తిప్పడానికని తునిలో ఒక కమ్మరి నన్ను మనిషి చెయ్యంత పొడవు సాగదీశాడు. పప్పు చాలలేదని అలిగి లేచిపోయిన వియ్యంకుల్ని చూశాను, ఆ పప్పునే చాటుగా ఇంటికి పట్టుకుపోయిన వాళ్ళనీ చూశాను. కాబట్టి మీ మనుషుల మీద నాకు పెద్ద భ్రమలు లేవు. నన్ను చేయించుకున్న వంటాయన పోయాక ఆయన కొడుకులు ఇత్తడి గుండిగల కోసం తలలు పగలగొట్టుకున్నారు గానీ నన్ను ఎవరూ అడగలేదు. అలా పాతసామాన్ల కొట్టు మీదుగా నూకరత్నం ఇడ్లీ బండికి చేరాను.

బండి సింహాద్రిరాజు గారి కొట్ల ముందు ఉండేది. అక్కడే ఒక బూడిద రంగు ఆడకుక్క తిరిగేది. లారీ క్లీనర్లు దానికి ముద్ద చూపించి, దగ్గరికి రాగానే కొట్టి నవ్వుకునేవారు. అదీ వాళ్ళ కాలక్షేపం. దాంతో ఎవరైనా చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తినా అది నేలకు కరుచుకుపోయి ఉచ్చపోసుకునేది.

ఒకరోజు నూకరత్నం చేత్తో ఇడ్లీ అందించబోతే అది మురిక్కాలవలోకి దూకింది. అప్పుడు ఆవిడ నన్ను తీసింది. గొంతుకూర్చుని, మొహం పక్కకి తిప్పుకుని, ఇడ్లీ ముక్క నాలో పెట్టి నేల మీదుగా మెల్లగా ముందుకి జరిపింది.

"ఏటే అలా బెదిరిపోతావు? నానేటి నిన్ను మింగేస్తానా?"

కుక్క కాస్త ధైర్యం చేసినప్పుడల్లా, నా కాడ చివరున్న ఆవిడ చెయ్యి బెత్తెడు ముందుకి జరిగేది. వానలు పడేసరికి నాతో పని లేకుండా అరచేతిలోంచే తినసాగింది. బండికొచ్చే వాళ్ళందరికీ నూకరత్నం ఒకటే చట్టం పెట్టింది: చెయ్యి మోకాలి కిందికి దించాకే దాన్ని పిలవాలి. డ్రైవర్లు దించారు, పూలమ్మే ఆవిడ దించింది, ఆఖరికి క్లీనర్లూ దించారు. కొట్టినవాళ్ళే "పాపం, ఎంత మంచిదో" అన్నారు. నాకు నవ్వొచ్చింది. కానీ ఒక పొద్దున అది తనంతట తానే వచ్చి నూకరత్నం అరచేతి కింద తల పెట్టింది. ఆవిడ పిండి చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు నాక్కూడా సంతోషమేసింది.

తర్వాత వేరే వీధిలో వేరే కుక్క రాజుగారి మనవణ్ణి కరిచింది. తన కొట్ల ముందు ఇక కుక్కన్నది కనబడకూడదన్నారాయన. ఇద్దరు మనుషులు తాళ్ళతో, వ్యానుతో వచ్చారు. తాడు చూసి మన కుక్క వాళ్ళకి అందలేదు.

"నువ్వు పిలిస్తే వస్తుంది కదా, పిలువు," అన్నారు రాజుగారు.

"అది కరిసే రకం కాదు బాబూ. పసోళ్ళు దాని నోట్లో సెయ్యెట్టినా ఊరుకుంటాది."

"కుక్కని పిలుస్తావా, బండి తీసేస్తావా?"

మంచం పట్టిన మొగుడికీ తనకీ ఆ బండే ఆధారం. నూకరత్నం నన్ను తీసింది. వట్టి చేత్తో ఆ పని చెయ్యలేకపోయిందనుకుంటాను. నాలో ఇడ్లీ పెట్టి, చెయ్యి మోకాలి కిందికి దించింది. కుక్క తోకాడించుకుంటూ వచ్చింది. మెడలో తాడు పడ్డా పెనుగులాడలేదు. ఇడ్లీ పూర్తిగా తిని, తలెత్తి ఆవిడ చేతి వంక చూసింది.

మర్నాడు రాజుగారు చట్నీ బాగుందన్నారు.

ఎక్కడ వదిలేశారో ఏమో, కొన్నాళ్ళకి కుక్క మెడ ఒరుసుకుపోయి, కుంటుకుంటూ తిరిగొచ్చి రోడ్డుకవతల నిలబడింది. నూకరత్నం నన్ను పట్టుకుని పరుగెత్తింది. గొంతుకూర్చుని నన్ను నేల మీదుగా జరిపింది.

"రాయే నా తల్లీ, రా. ఈపాలి నిన్ను ఎవులికీ ఇవ్వను."

అది నన్ను చూసింది, ఆవిడ చేతిని చూసింది. నేలకు కరుచుకుపోయి, ఉచ్చపోసుకుని, లేచి పారిపోయింది. క్లీనర్లు కొట్టినప్పుడు కూడా అంత దూరం పరుగెత్తలేదు. ఆవిడ చాలాసేపు అక్కడే చెయ్యి కిందికి దించుకుని కూర్చుంది.

ఆ సాయంత్రమే నన్ను పాత ఇనుము వాడికి ఇచ్చేసింది. ఇప్పుడు తుప్పు డబ్బాల మధ్య పడి ఉన్నాను. నూకరత్నాన్ని తిట్టుకోను, ఆవిడ చేసిన మంచీ నిజమే. ఆ కుక్క ఎక్కడో బతికే ఉంటుంది. ఇంకెవరూ దాన్ని మచ్చిక చేసుకోకుంటే చాలు.