గొట్టం మీద అత్తగారు

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే సూతన్ మంతారి చేసే మొదటి పని కాఫీ పెట్టుకోవడం. రెండోది, గోడ మేకుకున్న బిగింపు కొలిచే రెంచి మీద తువ్వాలు ఆరేయడం. పాయకుంబుహ్ ఊళ్ళో ఆ రెంచి అంతకంటే పనికొచ్చిన రోజు లేదు. చక్రం మధ్య హబ్ నట్టు బిగించాల్సి వస్తే అతని భార్య యుర్నెలిస్ వంటింటి వైపు తిరిగి, "అమ్మా, ఒకసారి రా!" అని కేకేస్తుంది. అత్తగారు మాక్ రపియా చేతులు తుడుచుకుంటూ వచ్చి, మామూలు రెంచికి తొడిగిన ఇనప గొట్టం చివర లుంగీలా చుట్టుకున్న సరోంగ్ సర్దుకుని కూర్చుంటుంది. చిన్న కారైతే చిన్న బరువు, సరుకుల బండైతే పెద్ద బరువు. నట్టుకి ఎంత కావాలో అంతే తూగుతుంది ఆవిడ. గొట్టం ఆగగానే మామూలు ముసలావిడై దిగి, పొయ్యి దగ్గరికి పోతుంది. బండి తెచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ వర్షాల గురించి మాట్లాడుకుంటారు.

తల్లి నుంచి కూతురికి వచ్చే ఆచారం కాబట్టి ఆ ఇల్లు ఆడవాళ్ళది. అల్లుడికి మర్యాదకేం లోటు లేదు. పేరు పెట్టి పిలవరు, పెళ్ళిలో ఇచ్చిన 'సూతన్ మంతారి' బిరుదుతోనే పిలుస్తారు. అత్తా అల్లుడూ ఒకరికొకరు సూటిగా ఏమీ చెప్పుకోరు, ఏదున్నా పక్కవాళ్ళ మీద పెట్టి అనాల్సిందే. ఇంటి సంగతులు తేల్చేది మాక్ రపియా తమ్ముడు దతుక్. షెడ్డు ముందు జాగాని ఫోన్ల కొట్టుకి అద్దెకిస్తున్నారని సూతన్‌కి తెలిసింది టీ బడ్డీలో! అతనికి ఒళ్ళు మండిపోయింది. పెకన్‌బారు పట్నంలో స్నేహితుడు పెద్ద షెడ్డులో వాటా ఇస్తానంటున్నాడు. "పోతాను. ఇక తిరిగి రాను," అన్నాడు పెళ్ళాంతో. "పొండి. ఆపినవాళ్ళెవరు?" అని యుర్నెలిస్ బుట్ట పట్టుకుని బజారుకి వెళ్ళిపోయింది.

తన కారు ముందు ఎడమ చక్రం మూలుగుతోంది. బేరింగు మార్చందే కొండదారిలో పోలేడు. చక్రం నేల మీద ఉండగానే, హ్యాండ్ బ్రేకు వేసి, ఊడకుండా లోపలికి కొట్టి ఉన్న నట్టు అంచుని ఉలితో లేపి, గొట్టం మీద తనే ఎగిరెగిరి ఊడదీశాడు. జాకీ ఎత్తి కొత్త బేరింగు కూర్చాడు. తొందరలో పాత నట్టే తిప్పి, నట్లు బిగించే గాలి గన్ను అందుకున్నాడు.

వంటింటి గుమ్మంలో మాక్ రపియా కోళ్ళకి నూకలు చల్లుతోంది.

"చూశావుటే," అంది ఒక పెట్టతో, "ఊడదీసిన నట్టునే మళ్ళీ పెడతారు కొందరు. గన్నుతో డబడబా కొట్టి బిగిసిందంటారు. ఆ తర్వాత చక్రం ఒక దారి, మనిషి ఒక దారి!"

సూతన్ సిగ్గుపడ్డాడు. గన్ను కింద పెట్టి, కొత్త నట్టు తీసి చేత్తో ఎక్కించి, కాస్త బిగించి, కారు నేలకి దించాడు. గొట్టం తొడిగాడు. పిలవడానికి యుర్నెలిస్ లేదు.

"ఎవరైనా వచ్చి ఒక్క నిమిషం కూర్చుంటే బాగుండు," అన్నాడు, అదే పెట్టతో.

మాక్ రపియా వచ్చి కూర్చుంది. గొట్టం మెల్లగా దిగి ఆగింది. నట్టు బిగిసింది. ఆవిడ మాత్రం దిగలేదు.

కొత్త నట్టు అంచు కొట్టడానికి సూతన్ ఉలి పట్టుకుని నిలబడ్డాడు. గొట్టాన్ని కొంచెం లాగి చూశాడు. కదిలితే ఒట్టు! అత్తగారిని లెమ్మని ఏ అల్లుడంటాడు? పెకన్‌బారు నుంచి ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఎండ షెడ్డులోకి వచ్చింది. ఆవిడ వీధివైపు చూస్తూ కూర్చునే ఉంది.

చివరికి ఆవిడ తల తిప్పి, అతని మొహంలోకి చూసి, "లేవమంటారా?" అంది.

అత్తగారు తనతో సూటిగా మాట్లాడటం అదే మొదలు. సూతన్ కోపమంతా కన్నీళ్ళలోకి దిగింది. "ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో నన్నొక్క మాట అడిగారా అమ్మా, ఎవరైనా?"

"ఇప్పుడడుగుతున్నాగా. లేవమంటే లేస్తాను, వెళ్ళిరండి."

అతను ఉలిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. జవాబు చెప్పే అలవాటు తప్పింది మరి.

"లేవకండి," అన్నాడు. "ఆ ఫోన్ల కొట్టు నాకిష్టం లేదు."

"నాతో అంటే ఏం లాభం? మా తమ్ముడితో అనండి."

సూతన్ చెయ్యి ఉలి వదిలి ఫోను తీసింది. దతుక్ నంబరు నొక్కాడు. "దతుక్, నేను, సూతన్ మంతారిని. మన జాగా అద్దెకివ్వడం నాకిష్టం లేదు," అన్నాడు, చుట్టూ తిప్పకుండా.



"ఓరి నాయనో," అన్నాడు దతుక్, "మీకంటూ ఒక ఇష్టం ఉందని ఎవరితోనైనా అన్నారా ఎప్పుడైనా? సరే, వద్దని చెప్పేస్తాను. సాయంత్రం వస్తాను, మాట్లాడుకుందాం."

మాక్ రపియా గొట్టం దిగింది.