త్రినాథ స్విచ్

ఇంకా కరెంటు కూడా ఎక్కని బోర్డుకి ల్యాబంతా అప్పుడే పేరు పెట్టేసింది: త్రినాథ స్విచ్. ఆ పేరు వింటే భీమశంకరరావుకి ఒళ్లు మండేది.

1987. విశాఖ హార్బరుకి దగ్గర్లోని ఆ ల్యాబులో ఎనిమిది ప్రాసెసర్లను కలిపి ఒకే కంప్యూటర్‌గా నడిపించాలని చూస్తున్నారు. పని మారినప్పుడల్లా వాటి మధ్య దారులు మార్చడానికి స్విచ్ కావాలి. సీనియర్ భీమశంకరరావు కరెంటుతో కదిలే రిలే మీటలతో చేసింది టకటకలాడుతూ నెమ్మదిగా మారేది. నిన్నగాక మొన్న చేరిన త్రినాథరావు చిప్పులతో డిజైన్ చేసింది ప్రోగ్రామ్ ఆజ్ఞ అందిన మరుక్షణం మారుతుందట. శుక్రవారం అది పనిచేస్తే సెక్షన్ పెత్తనం త్రినాథకే అన్నారు హెడ్ శ్రీరామ్మూర్తి. ఆయన స్కూటరు వెనక సీటు కూడా ఇప్పుడు త్రినాథదే. మొన్నటిదాకా వన్ టౌన్ వరకు దాని మీద వెళ్లింది భీమశంకరరావు.

గురువారం ఇద్దరూ బోర్డు తనిఖీకి కూర్చున్నారు. ఒకరు డ్రాయింగ్ చూసి వైరు పేరు పైకి చదవాలి, రెండోవారు మీటరు ఆనించాలి. అది అక్కడి పద్ధతి. చదువుతున్న భీమశంకరరావు ఒకచోట ఆగాడు. ఆజ్ఞ అందేదాకా దారులన్నీ మూసి ఉంచాల్సిన రెసిస్టర్లు డ్రాయింగులో లేవు. కరెంటు ఇవ్వగానే రెండు దారులు ఒకేసారి తెరుచుకుంటే సిగ్నళ్లు ఢీకొని చిప్పులు కాలిపోతాయి. బోర్డుకి తగిలించిన ప్రాసెసర్ కార్డులూ పోతాయి.

గొంతు సవరించుకుని తర్వాతి వైరు చదివాడు.

శుక్రవారం బోర్డు బిగించిన పెట్టెకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. కొత్త యంత్రానికి మొదటి మీట నొక్కే గౌరవం ఎప్పుడూ సీనియర్‌దే.

"నువ్వే నొక్కాల బావా," అన్నాడు త్రినాథ. "మొదటి స్లాట్‌లో నీ కార్డే ఎట్టేను."

భీమశంకరరావు మొదటి స్లాట్ వైపు చూశాడు. ఏడాదిపాటు కూర్చుని చేసిన ప్రాసెసర్ కార్డు. అలాంటిది రెండోది లేదు. ఆపమంటే కార్డు దక్కుతుంది, త్రినాథ తప్పు దిద్దుకుని గెలుస్తాడు. తలెత్తి చూశాడు. హెడ్ చెయ్యి త్రినాథ భుజం మీద ఉంది.

మీట నొక్కేశాడు.

పొగ రాలేదు. ఎనిమిది దీపాలూ వెలిగాయి. ఆజ్ఞ ఇచ్చినప్పుడల్లా దారులు మారాయి. హెడ్ చప్పట్లు కొట్టి, ఫోన్ చేయడానికి తన గదిలోకి వెళ్లారు.

త్రినాథ బోర్డు వెనక వేలు పెట్టి చూపించాడు. కొత్తగా అతికిన రెసిస్టర్లు.

"నిన్న సదువుతా సదువుతా ఆగిపోనావు. ఏటాని నానూ ఆ వైరు సూసేను. నీ కార్డు ఎడితే ఇయ్యాలైనా సెప్పేత్తావనుకున్నాను బావా."

భీమశంకరరావు తన కార్డు లాక్కోబోయాడు.

"ఉండనీ," అన్నాడు త్రినాథ. "బాగానే పనిసేత్తంది."