పదో సంతకం

మా మనవరాలి హైస్కూలులో ఈ ఏడు భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం రెండూ బతికి ఉన్నాయంటే కారణం నా పాండిత్యమే. నమ్మనివాళ్లు వెళ్లి హాజరుపట్టీ చూసుకోవచ్చు.

పాండిత్యం అంటే ఐదో తరగతి. అది కూడా, వీడింకో ఏడు ఉంటే బడికి పైకప్పు మిగలదని పంతులుగారు దయతలచి దాటించారు. ఆ తర్వాత నలభై ఏళ్లు తాపీ పని.

మనవరాలికి పదిహేనేళ్లు. వంతెనలు కట్టాలని దాని కోరిక. ఆ జబ్బు నా వైపు నుంచే వచ్చిందని కోడలి ఆరోపణ. ఆ చదువులో చేరాలంటే హైస్కూలులో రెండేళ్లు భౌతికశాస్త్రం చదివి తీరాలి. బడిలో సైన్సు కోర్సులు మూడు. ఏ కోర్సుకైనా పది సంతకాలు పడాలి. శుక్రవారం సాయంత్రం గంట కొట్టేసరికి తొమ్మిదే ఉంటే ఆ ఏటికి అది లేనట్టే. జీవశాస్త్రం నిండిపోయి జాబితా మూసేశారు. రసాయనానికి సరిగ్గా పది. భౌతికానికి తొమ్మిది. భౌతికం చెప్పే మాస్టారు అరమార్కు వేయాలన్నా ఆస్తి రాసిస్తున్నట్టు బాధపడతాడట.

"ఒక్కరు, తాతయ్యా! ఒక్కరు తక్కువ!" అంది గురువారం, అన్నం కెలుకుతూ.

"ఒక్కరేగా! ఈ నోటితో ఇటుకల్ని నడిపించినవాణ్ణి."

"నువ్వు మాత్రం బడికి రాకు. నీకు దండం పెడతా."

అంత మర్యాదగా దండం పెట్టి పిలిస్తే వెళ్లకుండా ఎలా ఉంటాను?

శుక్రవారం సాయంత్రం వెళ్లేసరికి, జాబితాలు అంటించిన బోర్డు కింద రెండు జడల పిల్ల ఒకతె కూర్చుని ఉంది. పక్కన చేరాను.

"నేను కట్టిన గోడ ఎంత నిటారుగా ఉండేదంటే, ఈగ వాలితే జారి కిందపడేది. పడిన ఈగల్ని ఊడవడానికి ఆ ఇంటివాళ్లు మనిషిని పెట్టుకున్నారు."

"గోడ నిటారుగా ఉంటే ఈగ ఎందుకు జారుతుంది, తాతగారూ?"

"అది తెలిస్తే నేను తాపీ పట్టుకునేవాణ్ణా? అందుకేగా భౌతికం పెట్టింది!"

పిల్ల లేచింది. ఒక జాబితాలో తన పేరు కొట్టేసి, భౌతికం కింద సంతకం పెట్టి వెళ్లిపోయింది. నా ఛాతీ గజం పెరిగింది. తగ్గించడానికి మనవరాలు పరుగున వచ్చింది.

"ఏం చేశావు తాతయ్యా? ఆ అమ్మాయి రసాయనంలో ఉండేది. ఇప్పుడక్కడ తొమ్మిది!"

"నీకు పదయ్యాయిగా?"

"అక్కడ నా స్నేహితురాలుంది. దానికి మందుల చదువు కావాలి. ఒకరి పొయ్యి ఆర్పి నా పొయ్యి వెలిగించుకోను. ఆ పిల్లని వెనక్కి పంపించు, నాకేం వద్దు!"

అంటూనే కళ్లు తుడుచుకుంది. గంటకు ఇంకా పది నిమిషాలు. గుమాస్తా గదిలోకి నడిచాను.

"బాబూ, రసాయనంలో చేరాలంటే ఏం కావాలి?"

"పేరు, సంతకం."

"వయసు?"

నిబంధనల కాగితం అటూ ఇటూ తిరగేశాడు. "వయసు గడి లేదండీ."

"మరి నేను..."

"గడి లేనిది నేనెలా అడుగుతాను? సంతకం వచ్చా?"

ఒళ్లు మండి, బోర్డు దగ్గరికెళ్లి రసాయనం కింద వంకీలు తిప్పి మరీ పెట్టాను. గంట కొట్టారు.

సోమవారం నన్ను చూసి ప్రధానోపాధ్యాయురాలు కుర్చీలో కూలబడింది. కొత్తగా వయసు గడి చేర్చాలంటే పైవాళ్లకు రాయాలట, జవాబుకు ఏడాది పడుతుందట. "అప్పటిదాకా మీరు విద్యార్థే. మీ పేరు కొట్టేస్తే కోర్సు పోతుంది. ఆలస్యంగా మాత్రం రాకండి" అంది.

కాబట్టి మొదట చెప్పిన గొప్ప వెనక్కి తీసుకుంటున్నాను. నా పాండిత్యం రెండు కోర్సుల్ని నిలబెట్టలేదు. ఒకదానికి కన్నం పెట్టి, ఆ కన్నంలో నన్నే ఇటుకగా దూర్చింది. మొదటి వారంలో మూడు గాజు గొట్టాలు పగిలాయి. మొదటి పరీక్షలో నూటికి పదకొండు. ఆ రోజు వరండాలో మనవరాలు నేస్తాలందరి ముందు ఆగి, "పర్లేదులే తాతయ్యా, ఈసారి నేను నేర్పిస్తా" అని నా భుజం తట్టింది.

ఇందులో ఒక్క ముక్క కల్పించాను, దాచను. గుమాస్తా నిజం, పదకొండు మార్కులూ నిజం. మనవరాలు ఆగిందన్నదే అబద్ధం. నన్ను చూడగానే భౌతికశాస్త్రం పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని, గోడవారగా వెళ్లిపోయింది.