కొట్టేసిన వాక్యం

మిషను ముందు కూర్చుంటే దర్జీ అక్కకి కిటికీలోంచి ఆ తోట మొత్తం కనపడేది. ఒకప్పుడది వీధి చెత్తంతా పోసే మున్సిపాలిటీ ఖాళీ స్థలం. ఆమే, ఇరుగుపొరుగూ కలిసి నాలుగేళ్లు చెమటోడ్చి బాగుచేసుకున్నారు. ఆ నాలుగేళ్లలో మున్సిపాలిటీ వాళ్లు ఒక్కసారి తొంగిచూసిన పాపాన పోలేదు.

అలాంటిది ఒక సోమవారం మున్సిపాలిటీ తోటల ఆఫీసరు నవ్వుకుంటూ వచ్చి, సంచీలోంచి కాగితాలు తీశాడు.

"ఇకనుంచి కలిసి చూసుకుందామమ్మా. నీళ్లు మేమిస్తాం, పని మీరు చెయ్యండి. అందరి తరఫునా మీరీ ఒప్పందం మీద సంతకం పెడితే చాలు."

"ఇన్నాళ్లూ లేని ప్రేమ ఇప్పుడెందుకు పుట్టుకొచ్చిందండీ?" అందామె. కాగితాలు తీసుకుంది కానీ పెన్ను ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున చూస్తే టమాటా మొక్కల మధ్య ఎర్రరంగు పూసిన కర్రమేకులు, వరసగా పదకొండు. తోట తీసేసి కార్లు పెట్టుకోడానికి కొలుచుకుపోయారన్నమాట, అనుకుంది. మొగుడు వద్దంటున్నా వినకుండా అన్నీ పీకి, కొట్లో గుడ్డపేలికల కింద దాచేసింది.

మధ్యాహ్నానికి ఆఫీసరు రొప్పుతూ వచ్చాడు. "నీళ్ల పైపు కోసం పెట్టిన గుర్తులమ్మా! ఎవరో పీకేశారు."

"నేనే" అని మేకులు తెచ్చిచ్చింది. తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గులో సంతకం పెట్టేసేదే. బడిలో పాఠాలు చెప్పే ఆడపడుచు పక్కనే ఉండబట్టి సరిపోయింది.

"ఆగు వదినా, ముందు చదవనీ."

మూడో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: అవసరమైతే మున్సిపాలిటీ ఈ స్థలాన్ని ఎవరినీ అడక్కుండా వేరే పనికి వాడుకోవచ్చు.

"ఇదేంటండీ?" అంది దర్జీ అక్క.

"అన్ని ఒప్పందాల్లోనూ ఉండేదే. నిజం చెప్పాలంటే నేనూ ఎప్పుడూ చదవలేదు" అన్నాడతను. అబద్ధంలా లేదు. దాంతో ఆమెకి ఇంకా భయమేసింది.

"మేకులు పీకడం నా తప్పే. కానీ ఈ వాక్యం ఉంటే సంతకం పెట్టను."

"కొట్టేసే అధికారం నాకు లేదమ్మా."

"ఉన్నవాళ్లని తీసుకురండి."

మూడు వారాలు ఎవరూ రాలేదు. ఎండకి మొక్కలు వడలిపోయాయి. "నీ మొండితనంతో నోటిదాకా వచ్చిన నీళ్లు పోగొట్టావు" అని పొరుగువాళ్లు సణిగారు. ఆమె ఇంటినుంచి బకెట్లతో నీళ్లు మోసింది. రాత్రిళ్లు మాత్రం, తనే తప్పేమోనని దొర్లింది.

నాలుగో వారం ఆఫీసరు తన పైఅధికారిని ఒప్పించి వెంటబెట్టుకొచ్చాడు. పైఅధికారి ఆ వాక్యం కొట్టేసి, 'ముందు వీధివాళ్ల ఒప్పుదల తీసుకోవాలి' అని రాసి సంతకం చేశాడు. ఆడపడుచు రెండుసార్లు చదివాకే దర్జీ అక్క పెన్ను పట్టుకుంది.

ఆ వారంలోనే పైపు పడింది. ఇప్పుడు ఆఫీసరు శనివారాలు తనే వచ్చి కలుపు తీస్తాడు. మనిషి మంచివాడేనని ఆమె ఒప్పుకుంటుంది. అయినా అతను సంచీలో చెయ్యి పెట్టినప్పుడల్లా మిషను ఆపి, ఏం తీస్తాడోనని చూస్తుంది.