గురువారం గడి

రబ్బరు ఎక్కడ పడేసిందో, జేబులో కత్తెర ఉంది, థర్మామీటరుంది, పొద్దుటి సగం బిస్కెట్టూ ఉంది గాని రబ్బరు లేదు, వచ్చే వారం డ్యూటీ చార్టు నువ్వే వేసెయ్యమ్మా అని పెద్ద సిస్టరు సెలవు మీద వెళ్తూ చేతిలో పెట్టిపోయింది, పాత చార్టులో అందరి పేర్లూ పెన్నుతో, ఈమె పేరొక్కటే పెన్సిల్‌తో, పదకొండేళ్లుగా అంతే, నీదైతే చెరపడం తేలిక, నువ్వు కాదనవుగా అని ఆవిడ నవ్వేది, ఈమె కూడా నవ్వేది, నవ్వీ నవ్వీ వార్డంతటికీ సర్దుబాటు సిస్టరైపోయింది, చెరిపి చెరిపి తన వరుసలో కాగితం పల్చబడిపోయింది పాపం.

గురువారం మధ్యాహ్నానికి ఒక మనిషి తక్కువ, ఉన్నవాళ్లని ఎటు తిప్పినా తక్కువే, ఆ రోజే కూతురి చేతికి కట్టు విప్పేది, పిల్ల సైకిలు మీంచి పడ్డప్పుడు ఈమె ఇక్కడ మూడో నంబరు మంచం తాతగారికి భయం లేదండీ నేనున్నానుగా అని చెబుతోంది, అక్కడ పిల్లకి ఆ మాట ఎవరు చెప్పారో, ఈసారీ నువ్వు రావులే అమ్మా అంది నిన్న, కోపంగా అన్నా బాగుండేది, అలవాటైపోయినట్టు అంది.

కొత్తమ్మాయి ఉందిగా, చేరి మూడు నెలలు, ఏం చెప్పినా సరే అక్కా అంటుంది, ఇదిగో రబ్బరు, చార్టు కిందే ఉంది, గురువారం గడిలో ఆ పిల్ల పేరు రాసేసింది, రాశాక చూసుకుంటే పెన్సిల్‌తో రాసింది, పెన్ను పక్కనే ఉండగా, మందుల గదిలో ఆ పిల్ల నిలబడి ఉండగానే గోడకి తలానించి కునుకు తీస్తోంది, సెలవు లేకుండా వరసగా తొమ్మిదో రోజు డ్యూటీ, పొద్దున అక్కా గురువారం నాకు అని మొదలెట్టి, ఏం లేదులే అక్కా అని మింగేసింది, ఆ మింగడం తనకి తెలియనిదా.

పేరు చెరిపేసింది, చెయ్యి దానంతటదే తన పేరు రాయబోయింది, ఆపుకుంది, తాతగారికి ఇంజెక్షను ఎవరిస్తారు, ఎవరో ఒకరిని వెతకాలి, వెతకడానికి ఆఫీసు ఉంది, ఇంకా నాలుగు రోజుల టైముంది, పెన్ను తీసి గడిలో మనిషి లేరు అని రాసి ఆఫీసుకి పంపించింది, అయిదు నిమిషాలకే అక్కణ్ణించి ఫోను, ఏంటమ్మా గురువారం ఖాళీగా వదిలేశావు, మర్చిపోయావా, మర్చిపోలేదండీ, అది ఖాళీయేనండీ, అంది, మాట వెనక్కి తీసుకోలేదు, పదకొండేళ్లుగా ఆ గడి ఖాళీగానే ఉంది, దాని మీద తను కూర్చుంది కాబట్టి ఎవరికీ కనపడలేదు.