దూడను కట్టిన హెడ్డు

చింతామణిలో నా షెడ్డు చిన్నది. ఇంజన్ల మీద మూతలా బిగించే హెడ్డుల అడుగు ముఖం కోసి చదును చేయడం నా పని. ఎక్కువగా ట్రాక్టర్లవి, టమోటా మోసే టెంపోలవి వస్తాయి. ఆ రోజు మండికల్ గంగప్ప, అతని కూతురు నేత్ర ఒక చిన్న కారు హెడ్డు తెచ్చారు. పాత చీరలో చుట్టి, పసిబిడ్డను దించినట్టు బల్ల మీదికి దించారు.

అది మట్టి రేసుల కారు. ఒకప్పుడు గంగప్ప తోలేవాడు. నడుము పట్టేశాక స్టీరింగు కూతురికిచ్చాడు. ఆదివారం చిక్కబళ్ళాపురం దగ్గర రేసు ఉంది. ఈలోపల ఇంజన్ వేడెక్కి హెడ్డు వంగిపోయింది.

"కొంచెం ఎక్కువే కొయ్యి తాతా," అంది నేత్ర. "కోస్తే బండి ఇంకా ఎగురుతాదంట."

అది అబద్ధం కాదు. హెడ్డు ముఖం పలచబడితే లోపల పెట్రోలు ఇంకా గట్టిగా పేలుతుంది. కానీ కోసేకొద్దీ వాల్వులు పిస్టన్లకు దగ్గరవుతాయి. బండి జోరు మీద ఉన్నప్పుడు అవి తగిలితే ఇంజన్ పట్టేస్తుంది, చక్రాలు బిగుసుకుంటాయి. లోపల కూర్చునేది ఈ పిల్ల.

నేత్ర టీ చెప్పడానికి పోయింది. గంగప్ప దగ్గరికి జరిగాడు.

"పిళ్ళప్పన్నా, ఇది పనికిరాదని నువ్వే చెప్పు. నాకు భయంగా ఉండాది. నేను చెప్తే కారు లాక్కుంటాండానని అనుకుంటాది."

తలూపాను. టీ తాగి అతను బీడీకి బయటికి వెళ్ళాడు. ఈసారి నేత్ర గొంతు తగ్గించింది.

"తాతా, ఈ హెడ్డు అయిపోయిందని మాత్రం నాయనతో అనొద్దు. గాలి పోయే లోపలి దారులన్నీ ఆయనే ఆకురాయి పట్టి నున్నగా రాకినాడు. దీన్ని పక్కన పెడితే తననే పక్కన పెట్టినట్టు అనుకుంటాడు. నువ్వు కోసెయ్యి. నేను మెల్లిగా తోలుకుంటా."

"మెల్లిగా తోలేదానికి రేసెందుకమ్మా?"

నవ్వింది. ఆ నవ్వు నిలవలేదు.

ఇద్దరి మాటా నా దగ్గరే ఉండిపోయింది. నాకు మాటలు తక్కువ. ఇద్దర్నీ బల్ల దగ్గరికి పిలిచాను.

మా పనివాళ్ళకు ఒక అలవాటుంది. కోసిన ప్రతిసారీ హెడ్డు పక్కన మొనదేలిన పంచ్‌తో ఒక చుక్క కొడతాం, తర్వాత పట్టేవాడికి తెలియాలని. దీనికి ఒకే చుక్క కనబడింది. అది నేను కొట్టిందే. కానీ గంగప్ప ఏటా ఆయుధపూజకు ఇంజనంతా వెండిరంగు పూస్తాడు. పూత మీద పూత దళసరిగా ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకాను. పక్కనే ఇంకో రెండు చుక్కలు బయటపడ్డాయి.

"ఇవి యాడ కోయించినావప్పా?"

గంగప్ప తల గోక్కున్నాడు. "బాగేపల్లిలో. నువ్వొద్దంటావని."

"నాతో ఒకతూరే అంటివే నాయనా!"

"పూజకు పూసిన రంగు కదమ్మా. దాని కింద ఏముండాదో నేనే మరిచిపోయినా."

"బాగుండాది. దేవుని మీదికి తోసేస్తివి!"

స్టీలు పట్టీ ఆనించి సన్నరేకు దూర్చాను. నడుమ రేకు సులువుగా జారిపోయింది, అంత వంగింది. మందం కూడా కొలిచాను.

"కోసేంత మిగల్లేదు. అయిపోయింది," అన్నాను.

"నువ్వు బాధపడొద్దు," అన్నారు ఇద్దరూ, ఒకరితో ఒకరు, ఒకేసారి. ఆ తర్వాత ఇద్దరూ నావైపు తిరిగి చూశారు. నేను చల్లారిన టీ తాగాను.

"నాయనా, మొదటి హెడ్డు ఉండాది గదా! దూడను కట్టేది!" అంది నేత్ర.

కారుతో వచ్చిన హెడ్డు చెడకూడదని గంగప్ప దాన్ని విప్పి దాచి, రేసులకని ఇంకొకటి కొని రాకాడట. దాచినదాని రంధ్రంలో తాడు దూర్చి అతని భార్య తిమ్మక్క దూడను కట్టేస్తోంది. గంగప్ప ఫోన్ చేశాడు. తిమ్మక్క గొంతు షెడ్డంతా వినిపించింది.

"మరి దూడను యాడ కట్టేది? నీ మెడకా?"

సాయంత్రానికి అది వచ్చింది, పేడ వాసనతో సహా. కడిగి, నీళ్ళు పట్టి చూశాను. చీలిక లేదు. ముఖం తుప్పు పోయేంత మట్టుకు కోశాను.

"దీంతో ఆ జోరు రాదు గదా తాతా?"

"రాదు."

"మరి గెలిచేదెట్లా?"

గంగప్ప అందుకున్నాడు. "మలుపులో బ్రేకు ఎప్పుడు వదలాలో నీకు చెప్పనేలేదు. ఆ పని కూడా నా హెడ్డే చేస్తాదనుకుంటిని. రేపు పక్కసీట్లో కూర్చుంటా."

"నీ నడుమో?"

"అది కూడా వస్తాదిలే."

చుక్క కొట్టడం మిగిలింది. సుత్తి నేత్రకిచ్చాను. గంగప్ప పంచ్ పట్టుకున్నాడు.

"నా వేలు, తల్లీ."

"కదలొద్దు నాయనా."

చుక్క కొంచెం పక్కకు పడింది. నేను సరిచేయలేదు.

పాత హెడ్డును మళ్ళీ చీరలో చుడుతుంటే అడిగాను, "ఇంక దీనికి కడతారా దూడను?"

"దీనికా!" గంగప్ప దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"దూడకు కొయ్య పాతుతాంలే తాతా," అంది నేత్ర. ఆ పాత చీరకు మిగిలిన కొంగు తీసి నాయన ఒళ్ళో ఉన్నదానికి ఇంకోచుట్టు చుట్టింది.