ఆ కాలు కాదక్కా

నేను ఒక ఇత్తడి బేసిన్‌ను. వయసు అడక్కండి, లెక్కలు రావు. పుట్టుక గురించి గొప్పగా చెప్పుకుందామన్నా నోరు రాదు. కంచరి గంగరాజు నన్ను చేయడానికి కొలిమిలో వేసినవన్నీ పాత సామానే. చిల్లుపడ్డ బిందె, మూతి వంగిన గ్లాసులు, ఎవరో దొడ్డికి పట్టుకెళ్లిన చెంబు. అన్నీ కరిగి ఒకటైపోయాయి. మనుషులైతే ఎవరిది ఏ చెంబో తరతరాలు గుర్తు పెట్టుకుంటారు. మాకు ఆ తెలివి లేదు, బతికిపోయాం.

నన్ను కొన్నది సలోమమ్మ. ఉప్పుమళ్ల పక్కనున్న మా ఊరి యేసుప్రభువు గుడిలో స్త్రీల సమాజానికి ఆమే ప్రెసిడెంటు. పోయిన భర్త బడిపంతులు. ఆయన జ్ఞాపకార్థం నన్ను గుడికిచ్చింది. అంచు మీద ఆయన పేరు కొట్టించి, కింద తన పేరు కొట్టించింది. తన పేరు రవ్వంత పెద్దగా పడింది. కొట్టినవాడి పొరపాటే అంది. అలాగే అనుకుందాం.

శుభ శుక్రవారానికి ముందురోజు గురువారం ఉంటుంది చూడండి, నేను ఆ పూట కోసం వచ్చినదాన్ని. యేసుప్రభువు నడుముకు తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగిన సంగతి చదివి, గుడి పాస్టరు అయ్యగారు పన్నెండుమంది కాళ్లు కడుగుతారు. మిగతా ఏడాదంతా సమాజం గదిలో, బీరువాలో, పట్టుగుడ్డ కప్పుకుని నిద్ర.

అయితే ఇందులో ఒక చిత్రముంది. ఆ పన్నెండుమందీ ఇంటి దగ్గరే కాళ్లు శుభ్రంగా రుద్దుకుని వచ్చేవాళ్లు. గోళ్లు తీయించుకుని, మడమ పగుళ్లకు కొబ్బరినూనె రాసుకుని వచ్చేవాళ్లు. ఒక పెద్దాయన వేళ్ల సందుల్లో పౌడరు కూడా వేసుకొచ్చాడు. అయ్యగారి చేతికి మురికి అంటితే తప్పు గదా అని. నాలో నీళ్లు ఎంత తేటగా పోసేవాళ్లో అంత తేటగా గులాబీ మొక్కలకు పారబోసేవాళ్లు. సేవాపాత్ర అని నాకు పేరు. ఆ పేరు వింటుంటే చేయని పనికి కూలి పుచ్చుకున్నట్టు ఉండేది.

సలోమమ్మ మంచిదే, చెడ్డదంటే నా నోరు పోతుంది. శనివారం శనివారం ఆడవాళ్లను వెంటేసుకుని జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లేది. గడప దగ్గర నిలబడి పాట పాడి, ప్రార్థన చేసి, రొట్టె పొట్లం ఇచ్చి వచ్చేది. ఎవరెవరిని చూసొచ్చారో బీరువా పక్కనే కూర్చుని చెప్పుకునేవాళ్లు. అక్కడే నాకు రాహేలు సంగతి తెలిసింది.

రాహేలు ఉప్పుమళ్లలో పనిచేసేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. బతుకంతా ఉప్పులో నిలబడ్డ మనిషికి చివరికి చక్కెర జబ్బు వచ్చింది. కుడికాలికి పెంకు గీసుకుంటే తెలియలేదు, పుండు పడింది. రోజూ కడిగి కట్టు మార్చకపోతే కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆమెకు నడుము వంగదు, చూపు ఆనదు. కడిగే మనిషి లేదు. సలోమమ్మ ఆ గడప దగ్గర కూడా చక్కగా ప్రార్థన చేసొచ్చింది. "ప్రభువా, నీ బిడ్డ కాలిని నీ చేత్తో ముట్టు తండ్రీ" అని వేడుకుందట. ఆయన చేతులు ఇక్కడ ఎవరివో ఆమెకు తట్టలేదు. నాకూ తట్టలేదు లెండి, నేనేం చదువుకున్నదాన్నా.

ఆ ఏడు కొత్తగా వచ్చిన ఫిలేమోను అయ్యగారు, ఆడవాళ్ల కాళ్లు కూడా కడుగుదాం, ఆ పని సలోమమ్మగారు చేస్తారు అన్నారు. ఆమె తెల్లచీర ఇస్త్రీ చేయించుకుంది. పదకొండుమంది ఆడవాళ్లు సబ్బు వాసన కొడుతూ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. పన్నెండో ఆవిడ రాలేదు. ఆ చివరి చోట్లో, కర్ర ఆనించుకుంటూ వచ్చి రాహేలు కూర్చుంది.

నన్ను ముందు పెట్టుకుని సలోమమ్మ మోకాళ్ల మీద ఒక్కొక్కరి దగ్గరికీ జరుగుతూ చివరికి వచ్చింది. తలెత్తి చూసి గొంతు తగ్గించింది.

"ఏంది రాహేలూ, నువ్వు కూసున్నావు?"

"కాళ్లు కడగతారంట గదా అక్కా. పక్కింటి కాంతమ్మ చెప్పింది. నాకు వొంగితే అందట్లా. కట్టు ఇప్పి శానా దినాలయింది. అందుకని వొచ్చా."

వెనక ఎవరో నవ్వారు. "ఆస్పత్రి అనుకుందేమో" అని ఒక గొంతు, "ఊరుకోవే, ఆరాధనలో" అని ఇంకో గొంతు.

సలోమమ్మ చేయి ముంచి, బాగున్న ఎడమకాలి మీద నాలుగు చుక్కలు చల్లి, తువ్వాలుతో అద్దింది.

"ఆ కాలు కాదక్కా. అది బానే ఉండాది. ఈ కాలు."

కట్టు నుంచి వాసన వస్తోంది. గుడిలో దగ్గేవాళ్లు కూడా దగ్గడం మానేశారు.

"తర్వాత చూద్దాంలే. ఇప్పుడు ఆరాధన గదా."

"సరే అక్కా. అయిపోయినాకే కడుగు. నేను కూసుంటా."

ఆరాధన అయిపోయింది. సలోమమ్మ నన్ను మొక్కల దగ్గర వంచింది. నీళ్లు తేటగానే పోయాయి. తర్వాత నన్ను బీరువాలో పెట్టి, పట్టుగుడ్డ కప్పి, సమాజం గది వెనక తలుపు తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది. గుడిలో బెంచీ మీద రాహేలు ఉందని ఆమెకు తెలుసు. గుడ్డ కింద ఉన్న నాకూ తెలుసు.

మర్నాడు శుభ శుక్రవారం. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. అయిదో మాట, 'దప్పిగొనుచున్నాను' అన్నది సలోమమ్మకు ఇచ్చారు. ఆమె ఆ మాట మీద వారం రోజులుగా తయారవుతోంది. మైకు ముందుకు వెళ్లింది గానీ ఆ మాట ఎత్తలేదు.

"నిన్న రాహేలు ఎంతసేపు కూసుంది?" అని అడిగింది. మైకులో అడిగింది, అందుకే గదిలో ఉన్న నాకూ వినబడింది.

ముందు వరసలోంచి అయ్యగారి భార్య చెప్పింది, అదీ మైకులో పడింది. "దీపాలు ఆర్పేదాకా అమ్మా. ప్రెసిడెంటక్క వస్తానంది అంటా కదల్లేదు. నేనే పంపించా."

సలోమమ్మ ముఖం కొంగుతో కప్పుకుని గదిలోకి వచ్చింది. పట్టుగుడ్డ లాగి అవతల పారేసి, నన్ను చంకన పెట్టుకుని ఎండలో నడిచింది. అయిదో మాట ఆ ఏడు ఎవరూ చెప్పలేదు.

రాహేలు ఇంట్లో వేన్నీళ్లు నాలో పోశారు. కట్టు పుండుకు అంటుకుపోయింది. సలోమమ్మ తడుపుతూ, తడుపుతూ విప్పింది. విప్పగానే బయటికి పరుగెత్తి కక్కుకుంది. తిరిగి వచ్చి తల వంచుకుని నిలబడింది.

"ముక్కు మూసుకో అక్కా. నేనేమీ అనుకోను" అంది రాహేలు. "నాకే కంపు గొడతాది."

ఆ ఓదార్పు దెబ్బలా తగిలింది సలోమమ్మకు. ముక్కు మూసుకోలేదు. నాలో చీము పడింది, నెత్తురు పడింది, పురుగు కూడా పడింది. ముందు నేను ముడుచుకుపోయాను, ఇందుకా నన్ను ఇంత మెరుగుపెట్టింది అనుకున్నాను. ఇత్తడికి కూడా ఎంత పొగరో చూడండి. కాసేపటికి పుండు అడుగున ఎర్రగా కండ కనబడింది. "బతికే ఉండాదే" అంది సలోమమ్మ, ఏదో పసిబిడ్డను చూసినట్టు. అప్పుడు నా పొగరుకు నాకే సిగ్గేసింది.

ఆ రోజు మొదలు ఆమె రోజూ వచ్చేది. అందరూ వచ్చే దారిన కాదు, ఉప్పుమళ్ల గట్టు మీదుగా, ఎవరి కంటా పడకుండా. ఈ సంగతి ఆదివారం గుడిలో చెబుతానని అయ్యగారు అంటే, "చెప్పారంటే నేను గుడికి రాను అయ్యగారూ. ఇన్నాళ్లూ చేయనిదానికి పొగిడించుకున్నా. ఇంక చాలు" అంది. కొన్నాళ్లకు ఆ ఇంట్లో నవ్వులు కూడా వినబడేవి. డాక్టరు ఒక వేలు తీసేశాడు. కాలు నిలిచింది.

నేను మళ్లీ గుడికి వెళ్లలేదు. నా చోట్లో స్టీలుది వచ్చిందట, బాగా మెరుస్తుందట. ఇక్కడ ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట్లో పురుడైనా నన్ను పట్టుకుపోతారు. తెచ్చివ్వడం మాత్రం మరిచిపోతారు. అడుగు సొట్టపోయింది, ఒక పక్కకు ఒరుగుతాను. పనికొచ్చినన్నాళ్లూ ఒరిగినా ఫరవాలేదు.

కట్టు పూర్తిగా తీసేసిన రోజు సంగతి మాత్రం చెప్పాలి. వాన పడుతోంది. సలోమమ్మ గట్టు మీది బురదలో నడిచి వచ్చింది. పుండు మానిన చోటు చూసి, ఇంక నాతో పనిలేదు అన్నట్టు లేవబోయింది. రాహేలు నన్ను ఆమె ముందుకు జరిపింది.

"కాళ్లు ఇట్టా పెట్టు అక్కా."

"ఛా, నువ్వు నాకు కడగడమేంది. నా కాళ్లకేమన్నా పుండ్లా?"

"పుండుంటేనే కడగాల్నా? పెట్టడం బాగా నేర్చావు గానీ, పెడితే తినడం రాదు నీకు. కూసో."

"నీకు వొంగితే అందదు గదా."

"పీట మీద కూసుంటే అందతాదిలే."

సలోమమ్మ కాళ్లు చీర కిందికి లాక్కుంది. వేళ్లు వంకరపోయి, గోళ్లు నల్లబడిన కాళ్లు, ఎప్పుడూ మూసిన చెప్పుల్లో దాచుకునే కాళ్లు. ఇన్నేళ్లూ ఇంతమంది కాళ్ల గురించి మాట్లాడిన మనిషి, తన కాళ్లు చూపించడానికి పెళ్లికూతురిలా సిగ్గుపడింది. రాహేలు ఒక్కొక్కటీ పట్టుకుని నాలో పెట్టింది. మెల్లగా రుద్దింది.

"పంతులుగారు పోయినకాడి నుంచి నన్ను ఎవరూ ముట్టుకోలేదే రాహేలూ" అంది సలోమమ్మ, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని.

"ముందే చెప్పొచ్చు గదా" అంది రాహేలు.

బురద కరిగి నీళ్లు నల్లబడ్డాయి. అందులో వాళ్ల ముఖాలు కనబడలేదు. నేను ఒరగకుండా, ఒక్క చుక్క కూడా ఒలకనివ్వకుండా పట్టుకున్నాను.